పనికొచ్చే మాట

అక్టోబరు 7, బుధవారం

గాలివాన. పొద్దున లేచి చూస్తే రేవు దగ్గర పడవ కొట్టం నడ్డి విరిగి ఉంది. నడి దూలం రెండు ముక్కలైంది. రాతిపలకల కప్పు సగానికి సగం లోపలికి కుంగింది. విరిగిన దూలం కొస పడవ వెనక భాగం మీద ఆనుకుంది. పడవ ఇంకా నిలబడే ఉంది. ఆ బరువు మోస్తూ ఎన్నాళ్ళు నిలబడుతుందో తెలియదు.

పడవ నా భార్య మాగ్న్‌హిల్డ్ తండ్రి కట్టింది. ఆమె తెడ్డు వేసేది, వల వేసేది. నాకు ఈ రెండూ రావు. కాబట్టి దానితో నాకు పనిలేదు. జరిగింది రాస్తున్నానంతే.

ఎదుటి కొండ శిఖరం తెల్లబడింది.

అక్టోబరు 8

పట్నంలో వడ్రంగులకు ఫోన్ చేశాను. గాలివాన జిల్లా మొత్తాన్నీ పీకేసిందట, కొత్త సంవత్సరం వెళ్ళాక గానీ ఎవరూ రారట. "మంచు పడిందంటే ఆ కప్పు ఆగదండీ, కింద ఏముంటే అది పిండే" అని కూడా చెప్పాడు ఫోన్ ఎత్తిన కుర్రాడొకడు. నాకు తెలియనట్టు.

అక్టోబరు 9, శుక్రవారం

పేపరు వచ్చింది. స్టైనార్ మళ్ళీ రాశాడు.

ఈ ఊరి బడికి హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన తర్వాత పని లేక మాటల మీద పడ్డాడు. వారానికో మాట తీసుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు. ఈ వారం 'డూగ్నాడ్'. "ఒకరికి కష్టం వస్తే ఊరంతా వెళ్ళి, కూలి తీసుకోకుండా ఆ పని చేసిపెట్టి, ఆ ఇంటి జావ తాగి వస్తాం. దాన్నే డూగ్నాడ్ అంటాం. ఈ మాట మనది, నార్వే వాళ్ళ ఒక్కరిది. ఏ పొరుగు భాషలోనూ దీనికి చుట్టాలు లేరు."

చుట్టాలు లేరట. నా ఉద్యోగమంతా నిఘంటువు కార్యాలయంలో 'డ' అక్షరం కింద గడిచింది. ఆ మాట చుట్టాల చీటీలే ఒక పెట్టె నిండా ఉండేవి.

నాకు అతనితో పాత లెక్కలున్నాయి. ఊరి చరిత్ర పుస్తకానికి అతను సంపాదకుడు. పొలాల పేర్ల మీద నేను రాసిచ్చిన అధ్యాయాన్ని స్థలం చాలలేదని తీసేశాడు. అదే పుస్తకంలో బడి బ్యాండుమేళం ఫోటోలు నాలుగు పేజీలున్నాయి. మాగ్న్‌హిల్డ్ అంత్యక్రియల తర్వాత కాఫీ దగ్గర లేచి మాట్లాడి, అందులోనూ ఒక మాటకు తప్పు వ్యుత్పత్తి చెప్పాడు. ఆ సమయంలో లేచి సరిదిద్దలేకపోయాను.

మాగ్న్‌హిల్డ్ వారం వారం ఇతని శీర్షిక కత్తిరించి వంటింటి అల్మరా తలుపుకు అంటించేది. అవి ఇంకా అక్కడే ఉన్నాయి. పీకితే రంగు ఊడుతుందని వదిలేశాను.

అక్టోబరు 12

తోర్‌బ్యోర్గ్ వచ్చింది. గొర్రెలను కోతకు పంపే వారం, బూట్ల నిండా బురద. వాళ్ళమ్మా మాగ్న్‌హిల్డూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఆ వరసన ఇప్పటికీ నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది. ఊరి సంఘం ఆమె చేతుల్లో ఉంది.

"కొట్టం చూసొచ్చాను బాబాయ్. మంచు ముందు ఆ కప్పు లేపకపోతే పడవ దక్కదు."

"దక్కితే మాత్రం ఏం చేసుకుంటాను? ఈ వయసులో చేపలకు పోతానా?"

"అయితే పోనివ్వండి. తారు తాగిన చెక్క, పొయ్యిలోకి భలే మండుతుంది."

నేను రేవు వైపు చూశాను.

"చూసుకోండి మీ మొహం," అంది. "ఎనిమిది మంది ఉంటే ఒక పూట పని. అడగండి."

"నేనా?"

"మరెవరు? ఇంటివాడే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి నోరు తెరిచి అడగాలి. మీ బదులు నేనడిగితే అది డూగ్నాడ్ కాదు, దానం."

"అడిగితే వస్తారా?"

బూటు మడమ గడపకేసి గీకింది. "నిజం చెప్పనా? మీరు ఎవరింటికి వెళ్ళారు గనక? ఊరందరిదీ ఒక దారి, మీదొక దారి. పిన్ని వచ్చేది. మా గొర్రెల దొడ్డి కాలిపోయినప్పుడు వానలో నిలబడి మేకులు అందించింది. పిన్ని ఉన్నన్నాళ్ళూ మీకది సరిపోయింది."

ఆ రోజుల్లో నాకు నిఘంటువు పని ఉండేదని చెప్పాను.

"అవును," అంది. "పిన్నీ అదే చెప్పేది అందరికీ."

గడప మీద బురద వదిలిపెట్టి పోయింది.

అక్టోబరు 14

స్టైనార్‌కు జవాబు మొదలుపెట్టాను. కొట్టం సంగతి ఆలోచించడానికి తీరిక లేదు.

పాత నోర్స్ భాషలో 'డూగా' అంటే పనికి రావడం. నాటు పడవ సముద్రానికి పనికొస్తుంది, కత్తి యుద్ధానికి పనికొస్తుంది, మనిషి మనిషికి పనికొస్తాడు. అక్కడి నుంచి సాయం అనే అర్థం వచ్చింది. ఐస్‌లాండ్ వాళ్ళు దాని బిడ్డను చురుకుదనానికి, ఒళ్ళు దాచుకోని గుణానికి వాడతారు. అక్కడ ఒక పిల్లను మెచ్చుకోవాలంటే ఆ మాటే ముందు వస్తుంది. ఫారో దీవుల్లో ఈనాటికీ సాయమనే అర్థమే ఉంది. స్వీడన్ వాళ్ళు దాన్ని 'ఇది చాలు, ఫరవాలేదు' అనే చోట వాడుకుంటారు. డెన్మార్క్ వాళ్ళు నమిలి నమిలి ఒక్క అక్షరం మిగిల్చారు, అదీ ఎక్కువగా 'పనికిరాదు' అనడానికే, వాళ్ళ బుద్ధికి తగ్గట్టు. ఊరంతా కలిసి పని చేసే పద్ధతి కూడా మన ఒక్కరిది కాదు. ఫిన్లాండ్‌లో పద్ధతి అదే, పేరు మాత్రం వేరే వేరు నుంచి వచ్చింది.

అయిదు భాషల్లో చుట్టాలున్న మాటను ఇతను అనాథను చేశాడు.

అక్టోబరు 16

ఎదుటి కొండ మీద మంచు గీత బండల దాకా దిగింది.

అక్టోబరు 17

రేవు వైపు నడిచాను. పడవలో పడ్డ రాతిపలకలు కొన్ని తీసి పక్కన పెట్టాను. కాలికి అడ్డం వస్తున్నాయని తీశాను. టార్పాలిన్ కప్పాను.

అక్టోబరు 18

టార్పాలిన్ ఎగిరిపోయింది.

అక్టోబరు 20

వ్యాసం పూర్తి. చివర రెండు వాక్యాలు కలిపాను. "ఒక్క భాషే తెలిసినవాడికి ప్రతి మాటా ఆ భాషలోనే పుట్టినట్టు కనిపిస్తుంది. హెడ్మాస్టరుగారికి డూగ్నాడ్ గురించి తెలిసింది జావ గిన్నె దగ్గర నుంచే కాబోలు."

చదివి చూసుకున్నాను. బాగుంది. పొద్దుటి ఫెర్రీలో పంపాను.

అక్టోబరు 22

పేపరు సంపాదకుడు ఫోన్ చేశాడు. ముప్పయ్యో తేదీ సంచికలో వేస్తాడట.

"కోతలు లేకుండానేనా?" అన్నాను.

"లేకుండానే. జావ గిన్నె వాక్యం కూడా ఉంచమంటారా?"

"ముఖ్యంగా అది."

అక్టోబరు 25, ఆదివారం

ఆపిల్ పళ్ళు కోస్తూ స్టైనార్ నిచ్చెన మీద నుంచి పడ్డాడట. కుడి చెయ్యి విరిగింది. పాల వ్యాను అతను చెప్పాడు. ఈ వయసులో నిచ్చెన ఎక్కడమేమిటి.

మధ్యాహ్నం ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తలేదు.

అక్టోబరు 27

తోర్‌బ్యోర్గ్ ఈసారి కూర్చోలేదు.

"శనివారం మాస్టారింట్లో కట్టెలు. వసంతంలో నరికి ఆరబెట్టిన బర్చ్ దుంగలన్నీ పెరట్లోనే పడున్నాయి. చీల్చి కొట్లో పేర్చాలి. ఆ ఇంటికి ఉన్నది కట్టెల పొయ్యి ఒక్కటే, ఆయన ఇంటావిడ యోరున్ పిన్నికి గుండెజబ్బు. మీరూ రండి."

"అతను అడిగాడా?"

"అందరికీ ఫోన్ చేశాడు, గుమ్మం గుమ్మానికీ రాలేకపోతున్నాను మన్నించండని. మీకూ చేశాడట. మీరు ఎత్తలేదు."

"వినపడలేదు."

"సరే. వచ్చి ఒక పూట కట్టెలు పేర్చండి బాబాయ్. సోమవారం ఎవరి గుమ్మంలో నిలబడ్డా కాదనరు. ఒకసారి చేసినవాడు ఒకసారి అడగొచ్చు. మన తాతల నాటి నుంచీ ఉన్న లెక్కే."

"ఊళ్ళో ఇంకెవరికీ కష్టం రాలేదా? స్టైనార్ కట్టెలేనా దొరికినవి?"

"మంచు పడేలోపల ఇంకెవరి చెయ్యయినా విరగ్గొట్టి రమ్మంటారా?"

ఆమె వెళ్ళాక గుర్తొచ్చింది. వ్యాసం అచ్చయ్యేది శుక్రవారం. కట్టెలు శనివారం.

అక్టోబరు 28

పేపరుకు ఫోన్ చేసి ఆపమనాలా? దేనికి? రాసిందంతా నిజం.

అక్టోబరు 29

రాసిందంతా నిజం. ఇవాళ మధ్యాహ్నానికి అచ్చు యంత్రం ఎక్కుతుంది. అప్పటిదాకా ఫోన్ పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఆ మూల కాస్త వెచ్చగా ఉంటుంది.

అక్టోబరు 30

వచ్చింది. ఒక్క అచ్చుతప్పు లేదు. మూడో పేజీ పైభాగం.

మంచు గీత ఎదుటి కొండ మీద బర్చ్ చెట్ల దాకా దిగింది.

అక్టోబరు 31, శనివారం

వెళ్ళాను. పడవ కోసం వెళ్ళాను, ఇంకే కారణమూ లేదు.

గేటు తీసేసరికి అందరూ వచ్చి ఉన్నారు. తోర్‌బ్యోర్గ్ మొగుడు ఓడ్‌వార్ దుంగలు చీల్చే యంత్రం తెచ్చాడు. నన్ను చూసి దాన్ని ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో పెరడంతా దాటి నడవాల్సి వచ్చింది. స్టైనార్ వరండాలో కూర్చుని ఉన్నాడు, చెయ్యి మెడలో వేలాడేసుకుని. ఒళ్ళో పేపరు మడిచి ఉంది. ఏ పేజీ పైకి ఉందో చూడక్కర్లేదు.

"వచ్చావా ఏలిఫ్," అన్నాడు. "చేతి తొడుగులు తెచ్చుకున్నావా?"

"లేదు."

"యోరున్, నా తొడుగులు ఇతనికియ్యి. ఇప్పుడు నాకు ఒకటి చాలు, ఆ ఒకటీ ఇంట్లో ఉండగా అక్కర్లేదు."

తొడిగాను. నా చేతులకు పెద్దవి.

నన్ను కొట్లో పేర్చే పనికి పెట్టారు. పని మొదలైన కాసేపటికి ఓడ్‌వార్ తలుపులోంచి తొంగి చూశాడు. "పెద్దాయనా, ఇవి పుస్తకాలు కావు, నిలబెట్టకూడదు. పడుకోబెట్టండి. పైవరసకు బెరడు పైకి." పక్కనున్నవాళ్ళు నవ్వారు. పడుకోబెట్టాను. ఎవరూ పేపరు మాట ఎత్తలేదు. వాన గురించి, గొర్రెల ధర గురించి, కొత్త ఫెర్రీ కెప్టెన్ నత్తి గురించి మాట్లాడారు. ఎవరో ఒకరు అంటే జవాబు చెబుదామని నోట్లో మాటలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాను. అవి అక్కడే నానాయి.

తర్వాత నా వరస కూలింది. ఛాతీ ఎత్తున పేర్చింది మొత్తం కాళ్ళ మీదకు జారింది. వరండాలోంచి స్టైనార్ గొంతు వినిపించింది.

"ఈ చురుకుదనాన్ని ఐస్‌లాండ్‌లో ఏమంటారో?"

పెరడంతా పగలబడి నవ్వింది. దుంగల్లో మోకాలిదాకా కూరుకుపోయి నిలబడినవాడు కోపంగా కనపడ్డం కష్టం. మళ్ళీ మొదటి నుంచి పేర్చాను. ఈసారి నిలబడింది.

మధ్యాహ్నం జావ. పుల్లమీగడ జావ, పైన దాల్చిన చెక్క పొడి. ఇంటివాడే వడ్డించాలి, చెయ్యి విరిగినా వడ్డించాలి. యోరున్ గరిటె అందుకోబోతే అతను ఇవ్వలేదు. గిన్నె ఆమె పట్టుకుంది, అతను ఎడమ చేత్తో ఒక్కొక్కరికీ పోస్తూ వచ్చాడు. నా దగ్గరకొచ్చి అందరికంటే నిండుగా పోసి, మధ్యలో వెన్నముద్ద వేశాడు.

"తిను," అన్నాడు. "నాకు తెలిసింది ఇక్కడి నుంచేగా."

బల్ల చుట్టూ చెంచాలన్నీ ఆగాయి. నేను జావలోకి చూస్తూ కూర్చున్నాను. వెన్న కరుగుతోంది.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. "సరిపోయింది."

చెంచాలు మళ్ళీ కదిలాయి.

అందరూ లేచాక వరండాలో నా పక్కన కూర్చున్నాడు. "ఆ చివరి రెండు ముక్కలు పక్కన పెడితే నువ్వు రాసింది సరైనదే. పాత నిఘంటువు దులిపి చూశాను. వచ్చే శుక్రవారం నా తప్పని రాస్తున్నాను."

దెబ్బలాటకు వచ్చినవాడికి ఏం చెప్పాలో నాకు తెలుసు. ఒళ్ళో తొడుగుల మీది బెరడు పొట్టు దులిపాను.

"మాగ్న్‌హిల్డ్ ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు. "శీర్షిక పంపే ముందు ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. ఏ పని దగ్గర కలిస్తే అక్కడే, జావ కలుపుతూ వినేది. 'దీనికి మా ఆయన ఒప్పుకోడు, మార్చండి' అనేది. ఎందుకు ఒప్పుకోడో కూడా చెప్పేది. నేను మార్చేవాణ్ణి."

తొడుగులు తీసి అతని ఒళ్ళో పేపరు మీద పెట్టి ఇంటికొచ్చాను. కొట్టం సంగతి బల్ల దగ్గర అడగాల్సింది. అందరూ అక్కడే ఉన్నారు, నా వైపే చూశారు.

నవంబరు 1

అల్మరా తలుపు మీద ఉన్నవన్నీ చదివాను. పై తలుపు నిండాక కింది తలుపుకు కూడా అంటించింది. కిందివి చదవడానికి నేల మీద కూర్చోవాల్సి వచ్చింది.

తప్పు ఒక్కటి లేదు. 'పొరుగువాడు' మీద ఒకటుంది. అందులో ఒక వాక్యం నేను ఎప్పుడో భోజనం దగ్గర అన్నది, ఉన్నది ఉన్నట్టు.

ఆమె పోయిన తర్వాతి వారాల నుంచే తప్పులు మొదలయ్యాయి. అవి అల్మరా మీద లేవు. అవి నా దగ్గరున్నాయి, ఎర్ర సిరా గీతలతో.

నవంబరు 2, సోమవారం

మొదటి గుమ్మం స్టైనార్‌ది. కష్టమైనది ముందు చేస్తే మిగతావి సులువని కాదు, ఫెర్రీ రోడ్డు మీద అదే మొదట వస్తుంది.

"శనివారం," అన్నాను. "పడవ కొట్టం. రాగలవా?"

"ఒంటిచేత్తో నేనేం పనికొస్తాను?"

"కూర్చుని తప్పులు పట్టు."

"అది నీ ఉద్యోగం కదా."

"శనివారం నాకు తీరదు. జావ కలపాలి."

అతను నవ్వలేదు. లోపలికి తిరిగి, "యోరున్, ఇతనికి పాళ్ళు రాసివ్వు, లేకపోతే శనివారం చస్తాం," అన్నాడు.

మిగతా గుమ్మాల్లో ఎవరూ కాదనలేదు. ఓడ్‌వార్ మాత్రం, "కప్పు పేర్చే పని మీకు అప్పజెప్పరు కదా," అన్నాడు.

నవంబరు 4

మాగ్న్‌హిల్డ్ పెద్ద గిన్నె దొరకలేదు. అటకంతా వెతికాను. తోర్‌బ్యోర్గ్ తెచ్చింది. పోయిన ఏడాది నుంచీ ఊరి సంఘం ఇంట్లోనే ఉందట. మాగ్న్‌హిల్డ్ ఆఖరిసారి పట్టుకెళ్ళి తిరిగి తేలేదు.

నవంబరు 6

స్టైనార్ శీర్షిక వచ్చింది. తప్పు ఒప్పుకున్నాడు. డెన్మార్క్ వాళ్ళ మీద నా మాట కూడా ఎత్తి రాశాడు, నా పేరు పెట్టి. ఫారో దీవుల మాట దగ్గర చిన్న పొరపాటు చేశాడు. కత్తిరించాను. అంటించడానికి పై తలుపు మీద చోటు లేదు.

మంచు గీత మా పైచేను గేటు దాకా వచ్చింది. సాయంత్రం నాలుగు మంచు రేకులు గాలిలో తిరిగి, ఆగిపోయాయి.

నవంబరు 7, శనివారం

అడిగినవాళ్ళంతా వచ్చారు. అడగనివాళ్ళూ ఇద్దరు వచ్చారు.

పని మొదలవడం నేను చూడలేదు. పుల్లమీగడ జావను కలపడం ఆపకూడదు, నెయ్యి తేలేదాకా కలుపుతూనే ఉండాలని యోరున్ రాసింది. వంటింటి కిటికీలోంచి రేవులో సగమే కనిపిస్తుంది. ఓడ్‌వార్ గొంతు మాత్రం వినిపించింది, "అందరూ ఒక్కసారి, ఇప్పుడు." చెక్క మూలిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గరిటె వదిలేసి కిటికీ దగ్గరకు పరిగెత్తాను. కప్పు గాలిలో ఉంది. కొంతమంది భుజాల మీద కప్పు ఉంది, దాని కిందనుంచి మిగతావాళ్ళు పడవను బయటికి లాగుతున్నారు, ముక్కు ముందుగా, మెల్లగా, నిద్రపోతున్న మనిషిని ఎత్తుకొచ్చినట్టు. స్టైనార్ పెట్టె మీద కూర్చుని ఎడమ చెయ్యి ఆడిస్తూ, ఎవరూ వినకపోయినా దారి చెబుతున్నాడు.

పడవ వెనక రెండు చెక్క పలకలు చీలాయి. మిగతా అంతా గట్టిగా ఉంది. పలకలు వసంతంలో మార్చుకోవచ్చని ఓడ్‌వార్ చెప్పాడు. తెడ్డు కూడా నేర్చుకోవచ్చు, ఆలస్యమేమీ కాలేదని తోర్‌బ్యోర్గ్ అంది. ఆ మాటకు అందరూ నవ్వారు. నేను కాదనలేదు.

ఈలోగా జావ అడుగంటింది. ఇల్లంతా మాడు వాసన. పారబోసి మళ్ళీ చేసే టైము లేదు, మీగడా లేదు. వాళ్ళు తడి బూట్లతో లోపలికొచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. నేనే వడ్డించాను, ఒక్కొక్కరికీ. మాడు ముక్కలు తెల్ల జావలో నల్లగా తేలుతున్నాయి. ఎవరూ చెంచా ఎత్తలేదు. అందరూ స్టైనార్ వైపు చూశారు.

అతను ఎడమ చేత్తో ఒక చెంచా తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని, నమలాల్సింది నమిలాడు. పైకప్పు కేసి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు, శీర్షిక రాయబోతున్నట్టు.

"డూగర్," అన్నాడు. పనికొస్తుంది.

గిన్నె ఖాళీ చేసి రెండోసారి నా వైపు చాచాడు.

బయట మంచు మొదలైంది. ఈసారి ఆగే మంచు కాదు. కొత్త దూలం ఎక్కించిన కప్పు కింద పడవ ఉంది. మాగ్న్‌హిల్డ్ గిన్నె నానబెట్టాను. మాడు రేపటిదాకా నానాలి. సోమవారం గిన్నెను ఊరి సంఘం ఇంట్లో పెట్టి రావాలి. వచ్చే శనివారం బడి కంచె పని ఉందట.